యాదయ్య కాక అడిగిన పేజీ

నల్లగొండ
14 సెప్టెంబర్ 1999, మంగళవారం

యాదయ్య కాక ఈరోజు మూడోసారి మా నెట్ సెంటర్‌కు వచ్చాడు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన కూతురు పద్మ కోసమే ఆయన తిరుగుడంతా. ఏదో ఎముకల దవాఖాన వెబ్‌సైట్ పేరు ఒక డాక్టర్ చీటీ మీద రాసిచ్చాడట.

ఆ పేజీ ఒకసారి సగం వచ్చి ఆగిపోతుంది, ఒకసారి అసలే రాదు. ఈరోజు ఫోన్ లైన్ తీసి మళ్లీ కలిపాను. కంప్యూటర్లో పేరుకున్న పాత ఫైళ్లు తుడిచేశాను. చివరికి బొమ్మలు రాకుండా ఆపి, వట్టి అక్షరాలే వచ్చేలా పెట్టాను. అప్పుడు తెరుచుకుంది.

"వచ్చింది కాకా!" అని అరిచాను.

ఆయన చెప్పులు బయట విడిచొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏం రాసిన్రు బిడ్డా?"

ఇంగ్లిష్‌లో ఉంది. ముందు నాలో నేనే చదువుకున్నాను. పదేళ్ల లోపు పిల్లలకే వైద్యం చేస్తారట. ముదిరిన ఎముకలు మళ్లీ నిటారుగా కావట. పద్మకు ఇరవై రెండేళ్లు. ఏదో ఒక అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన తెర వైపు వంగి చూశాడు. తర్వాత మెల్లగా, "గిది సక్కగ రాలేదేమో బిడ్డా. ఇంగొకపాలి కొట్టి జూడరాదు" అన్నాడు.

కొట్టాను. ఇన్ని రోజులు సతాయించిన పేజీ ఈసారి క్షణంలో వచ్చింది. అవే మాటలు.

ఇంటికెళ్లి పద్మతో ఏం చెప్పాడో...