మూడో సంతకం

అక్టోబరు 14, మంగళవారం

ప్రియమైన రెయ్‌నోకు,

నీ ఐలీ రాస్తున్నది. ఇక్కడ నేనూ కుక్కా కులాసా. టుల్లా ఇప్పటికీ నీ కుర్చీలోంచి దిగనంటోంది. అక్కడ నువ్వూ, ఓడలో నీ చేతి వంట తిని ఇంకా నిలబడగలుగుతున్న వాళ్లందరూ బాగున్నారని తలుస్తాను.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. పైకప్పు కారడం ఆగింది. మీ తమ్ముడు వచ్చి రేకు వేశాడు. వేస్తున్నంతసేపూ నిన్ను తిడుతూనే ఉన్నాడు, కాబట్టి పని గట్టిగానే చేసినట్టు. నా మోకాలు మెట్లు దిగేటప్పుడు మాత్రమే గుర్తొస్తోంది. ఇక మూడోది. “నైక్విస్ట్ ఎలా ఉన్నాడు? నా పేరు చెప్పి వాడికో యాలకుల రొట్టె ఇవ్వు” అన్నావు. దానికి జవాబు తర్వాత రాస్తాను. ముందే రాస్తే తక్కినది నువ్వు చదవవు.

యూనివర్సిటీ క్యాంపస్ పోలీసుల మీద ఫిర్యాదులు చూడ్డానికి వేసిన కమిటీలో నేను చేరినప్పుడు నువ్వెంత నవ్వావో గుర్తుందా? “రొట్టెలు కాల్చేదానివి, తుపాకులోళ్లని నువ్వేం అదుపు చేస్తావే?” అన్నావు. “మాడిందో లేదో చూడ్డమే కదా నా పని” అన్నాను నేను. ఆ మాట చెప్పుకుని వారం రోజులు మురిసిపోయాను.

మేం ఏడుగురం. విద్యార్థులు, మేష్టార్లు, నాలాంటి పనివాళ్లు, ఊళ్లోంచి ఒక పెద్దాయన. పోలీసుల మీద వచ్చిన ఫిర్యాదుల్లో పేర్ల మీద నల్లసిరా పూసి మా ముందు పెడతారు. ఎవరు రాశారో, ఎవరి మీద రాశారో మాకు తెలియకూడదు. తెలిసిందా, లేచి బయటికి వెళ్లిపోవాలి. అది మా మొదటి నియమం. అందరితో పాటు నేనూ చేయెత్తి ఒప్పుకున్నాను.

సెప్టెంబరులో గ్రంథాలయం మెట్ల మీద ఒక విద్యార్థి పడి దవడ ఎముక విరిగింది. పోలీసు అధికారి గుర్తింపు కార్డు అడిగాడట, కుర్రాడు ఎందుకన్నాడట, అధికారి అతని చేతిలోది లాక్కోబోయాడట. ఆ తర్వాత జరిగింది ఎవరి నోట విన్నా ఒక్కోరకంగా ఉంది. ఆ అధికారి పేరు ఈసారి నల్లసిరా కింద దాగలేదు, పత్రికలోనే వచ్చింది. గార్త్ నైక్విస్ట్.

ఆ కుర్రాడి తల్లి ఎనిమిది గంటలు కారు నడుపుకుంటూ మా బహిరంగ సభకు వచ్చింది. కోటు విప్పకుండానే నిలబడి పోలీసు అధిపతిని అడిగింది.

“ఒక్కటి చెప్పండి చాలు. ఈయన మీద ఇంతకు ముందు ఎవరూ ఏమీ అనలేదా?”

“ఒక్కటి కూడా లేదమ్మా. పదహారేళ్ల సర్వీసు, ఒక్క మచ్చ లేదు.”

“అయితే మా వాడిదే తప్పంటారు.”

“నేనలా అన్లేదమ్మా.”

“అననక్కర్లేదు లెండి, అర్థమైంది.”

ఆమె కూర్చుంది. ఆ తర్వాత గంటసేపు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆయన చెప్పింది కాగితాల ప్రకారం నిజమే. రాసినవాళ్ల నుంచి జవాబు రాలేదని మూసేసిన ఫిర్యాదు అధికారి పేరు మీదకి ఎక్కదు. రెయ్‌నో, అలాంటిది ఒకటుంది. దాన్ని మూయించింది నేను.

ఏప్రిల్‌లో వచ్చింది, చేతిరాతతో మూడు పేజీలు. గ్రంథాలయంలో చదువుకునే ఒక అమ్మాయి రాసింది. బల్ల దగ్గర ఆరుగురున్నా అధికారి ఆమె కార్డే అడుగుతాడు. నాలుగుసార్లు అడిగాడు. ఒకసారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని ఆమె చదువుతున్నంతసేపూ చూశాడు. ఇంకోసారి కార్డు పట్టుకుపోయి రెండు గంటల తర్వాత ఇచ్చాడు. ఆమె పరీక్ష పోయింది. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే నవ్వుతూ అన్నాడట: “భయపడకు, నేనేం కొరకనులే.”

ఆ మాట నువ్వు ఎన్నిసార్లు చెప్పావో! పోయినేడు మార్చిలో గడ్డకట్టిన సరస్సు మీదకి చేపలకని వెళ్లి మంచు విరిగి నువ్వు నీళ్లలో పడినప్పుడు, నైక్విస్ట్ తాడు కట్టుకుని పొట్టమీద పాకుతూ వచ్చి, చెయ్యి చాచి అన్న మాట అదే కదా. ఊళ్లో ఏ బల్ల దగ్గర కూర్చున్నా నువ్వు చెప్పే కథ అదే. అది కాగితం మీద కనబడగానే సిరా కింద ఎవరున్నారో తెలిసిపోయింది. లేచి బయటికి వెళ్లాలి. వెళ్లలేదు.

తెర చాటునుంచి చెబితే వింటాం రమ్మని, మా సంతకాలున్న ఉత్తరం మీద ఆఫీసువాళ్లే పేరు రాసి మే ఆరున ఆ అమ్మాయి హాస్టల్ చిరునామాకు పంపారు. పదిహేను రోజుల గడువు. గడువు దాటాక కూర్చున్నాం. మా అధ్యక్షురాలు ప్రొఫెసర్ మెర్సర్ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“జవాబు లేదు. ఏం చేద్దాం?”

“ఇంకోసారి రాద్దామండీ” అన్నాడు విద్యార్థుల ప్రతినిధి.

“చెప్పాలనుంటే ఈపాటికి చెప్పేది కదా. కోపంలో రాసుంటుంది, చల్లారుంటుంది” అన్నాను నేను.

“ఐలీ ఆ హాస్టల్ వంటగదిలోనే ఉంటుందిగా, పిల్లల సంగతి తనకు తెలిసినట్టు మనకేం తెలుస్తుంది?” అంది మెర్సర్. అందరూ తలూపారు. మూసేశాం.

నాకు తెలిసింది ఇదీ. తక్కిన హాస్టళ్లు వేసవిలోనూ నడుస్తాయి, ఇదీ అంతే అనుకున్నారు వాళ్లు. మా హాస్టల్ మే రెండునే ఖాళీ అయింది. పొయ్యిలు ఆర్పింది నేనే. చివరి పెట్టె గుమ్మం దాటడం కూడా చూశాను. ఉత్తరం వెళ్లేసరికి ఆ తలుపు వెనక మనిషన్నవాళ్లు లేరు. మరచిపోయానని నాకు నేనే చాలాకాలం చెప్పుకున్నాను. మరచిపోలేదు.

ఆగస్టులో హాస్టల్ తెరిచినప్పుడు, ఎవరూ తీసుకోని ఉత్తరాల పెట్టెలో మా కమిటీ నీలం కవరు కనిపించింది. ఎవరూ చూడకుండా ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను. యాలకుల డబ్బాలో దాచాను. అప్పటి నుంచి పిండి కలిపేటప్పుడల్లా ఆ డబ్బా నా వైపే చూస్తున్నట్టుంటుంది. నవ్వకు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికి రెండుసార్లు లేచి కుక్కను బయట తిప్పుకొచ్చాను. ఆ అమ్మాయి పేరు కవరు చూసి తెలుసుకోలేదు, ఏప్రిల్‌లోనే తెలుసు. మూడో పేజీ చివర ఒక్క వాక్యానికి సిరా పూయడం మరిచిపోయారు. “శుక్రవారం రొట్టె ఇచ్చే ఆవిడ రాయమంటే రాస్తున్నాను. ఆ కమిటీలో తనూ ఉంటుందట, అందుకని భయం లేదు” అని ఉంది.

మారిబెల్. సన్నగా ఉంటుంది, రొట్టె చివరి ముక్కే అడిగేది. ఒక శుక్రవారం పళ్లెం పట్టుకుని ఏడుస్తుంటే, పోలీసు ఒకడు వేధిస్తున్నాడంటే, “రాయి తల్లీ, మేమున్నాం” అని ధైర్యం చెప్పింది నేనే. ఎవరా పోలీసని మాత్రం అప్పుడు అడగలేదు.

ఆమె ఈ ఏడు తిరిగి రాలేదు. శుక్రవారాలు రొట్టె కోసేటప్పుడు నా చెయ్యి దానంతటదే చివరి ముక్క పక్కన పెడుతోంది. వరసలో వెనకనుంచి చూస్తే ప్రతి సన్నటి పిల్లా ఆమెలాగే ఉంటుంది. దగ్గరికొచ్చి తలెత్తేదాకా కోయడం ఆపేస్తాను.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. నైక్విస్ట్ బాగానే ఉన్నాడు. పొద్దున్నే కాఫీకి వస్తున్నాడు, నిన్ను అడుగుతున్నాడు. అతను చేయి చాచకపోతే నేనీ ఉత్తరం ఎవరికి రాసేదాన్ని? ఆ సంగతి ఒక్కరోజు కూడా మరవలేదు. మరవలేకే ఇదంతా చేశాను. ఆ రుణం మనది. దాన్ని ఆ పిల్ల చేత తీర్పించాను, తర్వాత ఆ కుర్రాడి చేత.

గురువారం సభలో లేచి అంతా చెబుతాను, కవరు బల్ల మీద పెడతాను. కమిటీలో నా కుర్చీ పోతుంది, వంటగది పని కూడా పోవచ్చు. డెట్రాయిట్ దగ్గర తపాలా పడవ మీ ఓడ పక్కకొచ్చి నీకు ఈ ఉత్తరం అందించేసరికి అది అయిపోయి ఉంటుంది. కావాలనే అలా పంపుతున్నాను. నువ్వు వద్దంటే ఆగిపోతానేమోనని భయం. కోపమొస్తే రా, ఎదురుగా నిలబడి తిట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

కవరు నేను తెరవలేదు. తెరవక్కర్లేదు, అన్నీ ఒకే నమూనా. “మీ మాట వినడానికి మేం సిద్ధంగా ఉన్నాం” అని ఉంటుంది. కింద ఏడు సంతకాలు, అందులో మూడోది నాది.

ఇట్లు,
నీ రాక కోసం చూసే, చూడాలంటే భయపడే
నీ భార్య ఐలీ