కంప్యూటర్ లెక్కలో నువ్వు మగపిల్లాడివి

బాబూ,

లేవగానే గుర్తింపు కార్డు తీసుకుని నేరుగా ల్యాబ్‌కి రా. ఫోన్‌లో ఫొటో చూపిస్తే చాలదట, మనిషే కావాలట. కొట్టు తాళాలు అమ్మకిచ్చిరా.

నీ రక్తపరీక్ష రిపోర్టును ఉద్యోగం వాళ్లు వెనక్కి పంపారు. అందులో నువ్వు పురుషుడివని ఉంది. పైగా ఆ కంప్యూటర్ మగవాళ్ల లెక్కన చూసి, రక్తం తక్కువని ఎర్రగుర్తు పెట్టింది. ఆడపిల్లకి ఆ అంకె సరిపోతుందట. సాయంత్రంలోగా సరైన రిపోర్టు అందకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిదే.

నిన్న రాత్రి ల్యాబ్ కౌంటర్లో అమ్మాయిని నిలదీస్తే, "మీరే కదండీ, మా బాబుకి పరీక్ష అన్నారు" అంది. సూది గుచ్చినతనైనా నీ జడ చూడొద్దూ? "సరే, దిద్దమ్మా" అంటే, "డాక్టరుగారు ఓకే చేశాక సిస్టమ్ మమ్మల్ని ముట్టుకోనివ్వదండీ" అంది. మన కొట్లో చొక్కా కొలత తప్పితే కొన్నవాడు వీధి దాటేలోపు మార్చి ఇస్తాం. అక్కడ ఒక్క మాట మార్చాలంటే పెద్ద డాక్టరమ్మే రావాలి. ఆవిడ రాగానే పట్టుకోవాలని ఇప్పుడే వెళ్తున్నాను.

ఆ ఎర్రగుర్తు చూసి అమ్మ తెచ్చిన మాత్రలు వేసుకోకు.

అన్నట్టు, అక్కడ అందరి ముందూ నిన్ను "అమ్మాయీ" అనే పిలుస్తాను. ఎవరినో అనుకుని పలక్కుండా నిలబడేవు, నిన్నే.