హెల్మెట్‌లో ఫోను

నాన్నకి,

పక్క గదిలో ఉన్న మనిషికి ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుగా నిలబడితే నాకు ఏడుపొస్తుంది, నువ్వేమో పేపరు అడ్డం పెట్టుకుంటావు.

ఆ రోజు నారాయణగూడ చౌరస్తాలో నా స్కూటీకి కుక్క అడ్డం రాలేదు నాన్నా. అబద్ధం చెప్పాను. నీ నుంచి ఫోను వచ్చింది. పెద్దవాళ్ల ఫోను ఎత్తకపోతే లెక్కలేనితనమని నువ్వే కదా అంటావు! బండి ఆపడానికి బద్ధకించి, ఫోను హెల్మెట్‌లోకి చెవి దగ్గర దూర్చాను. టీవీ రిమోట్ ఎక్కడుందని అడిగావు. ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తూ ఎర్రలైటు చూసుకోలేదు. రోడ్డు దాటుతున్న టైలర్ పీరయ్య గారిని గుద్దేశాను. నాకు మోకాలు చెక్కుకుపోయింది. ఆయనకు కుడిచెయ్యి విరిగింది.

నిందలో నీకు వాటా రాకూడదనే కుక్క మీదకు తోశాను. ఆ రోజు నుంచి నువ్వు నాకు ఫోను చేయడమే మానేశావు. అన్నం తిన్నానో లేదో కూడా అమ్మ చేత అడిగిస్తున్నావు.

నిన్న పళ్లు పట్టుకుని అశోక్‌నగర్‌లో ఆయన గదికి వెళ్లాను. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. "కుక్కకేమెర్క బిడ్డా! నువ్వు మంచిగున్నవ్, గంతే చాలు. జర పైలం," అని నన్నే ఓదార్చాడు. తల కొట్టేసినట్టయింది. ఇక దాచలేను నాన్నా. రేపు వెళ్లి నిజం చెప్పేస్తాను. కేసు పెడితే పెట్టనీ. నీ పేరు మాత్రం ఎత్తను. నన్ను తిట్టు, కానీ మాట్లాడు.

నీ తేజస్వి

*

తేజూ తల్లీ,

కుక్క లేదని నాకు ఆ రోజే తెలుసు. ఫోను కట్ కాలేదమ్మా. నీ హెల్మెట్‌లోంచి అంతా వినబడింది. బండి పడ్డ చప్పుడు, ఆయన కేక, "ఏంది చెల్లె, బండి నడ్పుకుంట ఫోన్ల ముచ్చట్లా?" అని ఎవరో తిట్టడం. నీ గొంతు మాత్రం లేదు. తేజూ, తేజూ అని అరుస్తూ చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీద చెప్పుల్లేకుండా పరుగెత్తాను. నీ ఏడుపు వినబడేదాకా నా పిల్ల ఇక లేదనే అనుకున్నాను.

తరవాత నువ్వు కుక్క అంటే, నా ఫోను మాట బయటికి రాలేదని హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేని మాటే, కానీ నిజం. నీమీద నాకు కోపమేమిటే పిచ్చిదానా! నీ నంబరు నొక్కబోతే ఆ చప్పుడే చెవిలో పడుతోంది.

నా పేరెందుకు ఎత్తవు? ఆరింటికి నువ్వు బండి మీద ఉంటావని తెలిసే చేశాను. ఆ చెయ్యి నీ ఒక్కదాని వల్ల విరగలేదు. రేపు ఇద్దరం వెళ్దాం. ఆయన ముందు మొదట నేను మాట్లాడతాను.

ఈ కాగితం నీ తలుపు కిందనుంచి తోస్తున్నాను. చదివాక తలుపు తియ్యమ్మా, బయటే నిలబడ్డాను.

మీ నాన్న
జోగారావు