తేనెటీగల పెట్టె తెరిచినం, బాపూ

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. తేనెటీగలు పెంచుతనని వరంగల్‌ల ట్రైనింగుకు పోయి పెట్టె, పొగ పెట్టే డబ్బా, మొకానికి జాలి ముసుగు, గ్లవ్స్ తెచ్చి పెట్టుకున్నవు. ఈగలు రాకముందే గుండెపోటుతోని నువ్వే పోయినవు.

ఆ సామాను అమ్మ ఎవ్వలకూ ఇయ్యలే. ఈమధ్యనే ఈగలను తెప్పించి, నువ్వుల చేను కాడ పెట్టించింది. ఇయ్యాల పొద్దుగాల మొదటిసారి పెట్టె తెరిచినం. నేను పొగ పెట్టిన. అమ్మ నీ ముసుగు ఏసుకొని తేనెపట్టు కట్టిన ఫ్రేము పైకి తీసింది.

"జర చూడు బిడ్డా, తేనె ఎట్ల నిండిందో! మీ బాపు ఉంటే ఊరంత తిరిగి చెప్పుతుండె" అన్నది.

ముసుగు జాలి ఎనుక అమ్మకు కన్నీళ్లు కారుతానయి. తుడుద్దామని ముసుగు ఎత్తబోయిన.

"వద్దు, ఈగలున్నయి" అన్నది. ఫ్రేము మెల్లగ లోపల దించి, మూత పెట్టేదాంక అట్లనే ఏడ్చుకుంట నిలబడ్డది.