నీ పేరు పెడతామన్న రోడ్డు

అన్నా,

రేపు నీ సంవత్సరీకం. నువ్వు చదవవని తెలిసే రాస్తున్నా. నీతో చెప్పకపోతే నాకు ఊపిరాడేటట్టు లేదు.

ఈ పొద్దు గ్రామసభ జరిగింది. సిలికా ఇసక తవ్వుకుపోతున్నందుకు మన ఊరికొచ్చే గనుల నిధిని దేనికి ఖర్చుపెట్టాలని అడిగినారు. పోయినసారి ఇదే సభలో నువ్వు లేచి సిమెంటు రోడ్డు అడిగినావు. మంచినీళ్ల ట్యాంకు అడగమని నేనంటే, "ఇసకలో మూరెడు తవ్వితే తియ్యటి నీళ్లు. మన దొరువులు యాడికి పోతాయి మే?" అని నవ్వినావు. రోడ్డు పడింది. దాని మీద మనకన్నా ముందు ఇసక టిప్పర్లు పరిగెత్తినాయి. వాటిల్లో ఒకటి నిన్ను గుద్దేసి పోయింది. ఇసక తవ్విన గుంతలు లోతయ్యేకొద్దీ, మనం తాగేదానికి ముంచుకునే దొరువుల్లో నీళ్లు ఉప్పెక్కినాయి.

నేను లేచి, "ఈసారన్నా నీళ్లు ఇప్పించండి" అన్నా. సర్పంచ్ చేతులు జోడించి, "అక్కా, ఆ రోడ్డే వెడల్పు చేసి అన్న పేరు పెడదాం. ఊరంతా అనుకున్నాం" అన్నాడు. ఎవరూ నా ముఖం చూడలేదు. వదిన కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఒప్పుకున్నోళ్లు చేతులెత్తండి" అన్నారు. ఒక్కో చెయ్యీ లేచింది. వదిన తనూ ఎత్తి, రెండో చేత్తో నా మోచెయ్యి పట్టుకొని పైకి లేపబోయింది.

నేను చెయ్యి ఒళ్లోకి లాక్కున్నా. సభ మొత్తంలో నీ పేరుకి చెయ్యెత్తనిది నీ చెల్లెలొక్కతే, అన్నా.