పాలిష్ అయి వచ్చిన తలుపులు

శుక్రవారం రాత్రి, వాన

పొద్దున గడపకి పసుపు రాస్తుంటే, ఏలూరు వెళ్లిన సింహద్వారం తలుపులు తిరిగొచ్చాయి. పాలిష్‌తో మెరిసిపోతున్నాయి. పొలంలోని ఈ పాత మండువా ఇల్లు హోటలయ్యాక, వచ్చినవాళ్లు ముందు ఫొటో తీసుకునేది వీటినేనని మా ఆయన మురిసిపోయారు. నాకు మాత్రం అవి మా తలుపుల్లా లేవు.

కొల్లేరు పొంగిన ఏడు ఇంట్లోకి నీళ్లొచ్చి, తలుపుల అడుగున నల్లటి చార మిగిలింది. ఇప్పుడది లేదు. అడిగితే వడ్రంగి వీర్రాజు, "చిత్రిక పట్టామండీ, పోయిందండీ" అన్నాడు. కిర్రుమనడం లేదేమంటే, "మడతబందులకి నూనె పెట్టామండీ" అన్నాడు. ఏమడిగినా జవాబు సిద్ధం. పాత టేకు తలుపులకి ఎంత గిరాకీ ఉందో నాకు తెలియదనుకుంటున్నాడా?

నాలుగు చినుకులు పడితే మా తలుపు ఉబ్బేది. కాలితో కాస్త ఎత్తితే గానీ గడియ పడేది కాదు. సాయంత్రం వానకి అలవాటుగా కాలు పెట్టాను. ఎత్తే పనే లేకుండా మూసుకుపోయింది.

"చూశావా, ఎంత హాయిగా ఉందో!" అన్నారు ఆయన.

రేపు మిగతా తలుపుల కోసం వ్యాన్ వస్తుందట. నన్నడక్కుండానే ఆయన సరేనన్నారు. ఎందుకంత తొందర...

ఇందాక స్టూలెక్కి, రేపు వెళ్లే ప్రతి తలుపు పైఅంచునా, ఎవరి కంటా పడనిచోట, మేకుతో గాటు పెట్టాను. ఆఖరి తలుపు దగ్గరుండగా ఆయన వచ్చారు.

"అక్కడేం చేస్తున్నావు?"

"బూజు దులుపుతున్నానండీ" అన్నాను.