పాయ ఒడ్డున వదిలిన చెట్లు

భవానీపురం,
9-2-2008

చిరంజీవి పోలరాజుకి,

ఈ ఉత్తరం సంగతి మీ అక్క గంగాదేవికి తెలియదు. మా ఆఫీసులో పని ఏమిటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. విమానంలోంచి మడ అడవి మీదకి లేజరు కాంతి వదులుతారు. అది ఆకుల సందుల్లోంచి దిగి, కొమ్మల్నీ నేలనీ తాకి తిరిగొస్తుంది. ఏది ఎంత ఎత్తో కంప్యూటర్లో చుక్కలుగా పడుతుంది. అడవిని పక్కనుంచి కోసి చూసినట్టుంటుంది.

నిన్న మీ పాయ వచ్చింది. ఒడ్డున నాలుగు వరసల చెట్లు. వాటి వెనక గట్లు, గట్ల మధ్య బోడి నేల. రొయ్యల చెరువని చూడగానే తెలిసింది. దసరాకి నన్ను పడవలో తిప్పుతూ, "చూడండి బావగారూ, మా అడవి ఎంత చిక్కగా ఉందో" అన్నావు. నమ్మాను. ఇంటికొచ్చి మీ అక్కకి గొప్పగా చెప్పాను కూడా. తెరలా చెట్లు వదిలి లోపల నరికావని తెలిసినప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

నెలాఖరుకి మ్యాపు ఇవ్వాలి. చెరువని చూపిస్తే నీ మీద కేసు పడుతుంది. అక్కడ పాయ నీళ్ళేనని రంగు వేసేస్తే ఎవరూ అడగరు. అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు. మీ అక్క ముఖం చూస్తే చెయ్యాలనిపిస్తోంది. ఏమంటావు?

మీ బావ
తిరుపతిరావు

నాగాయలంక,
14-2-2008

బావగారూ,

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరు నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు. తిట్టడానికైనా నోరు విప్పారు, సంతోషం.

నరికింది నేనే. దసరాకి సిగ్గేసి లోపలికి తీసుకెళ్ళలేదు. మూడేళ్ళ కిందట తెల్లమచ్చ రోగానికి రొయ్యలన్నీ పోయాక, గట్టుకి నా చేతులతోనే గండి కొట్టాను. పోటు నీళ్ళతో పాటు మడ విత్తులు కొట్టుకొచ్చాయి. ఇప్పుడు మొక్కలు నా నడుము దాకా వస్తున్నాయి. మీ మిషన్‌కి అవి కనబడలేదా?

నీళ్ళేనని మాత్రం రంగు వెయ్యకండి. అక్కడ చెట్టే లేదని కాయితం మీద పడితే, రేపు ఇంకొకడొచ్చి అవి పీకి చెరువు తవ్వుతాడు. అడ్డం వెళ్ళడానికి నాకు మొహం ఎక్కడిది? కేసు పెడితే పెట్టనివ్వండి. అక్కకి నేనే చెప్పుకుంటాను.

మీ పోలరాజు

భవానీపురం,
20-2-2008

పోలరాజూ,

మిషన్‌కి కనబడ్డాయి. చూడనిది నేను. నడుమెత్తు లోపు చుక్కల్ని గడ్డీ తుప్పలూ అని తీసెయ్యడం మాకు అలవాటు. వాటిని వెనక్కి తెచ్చాను. గండి దగ్గర మొదలై, నీళ్ళు పారిన దారి వెంటే చెరువంతా పరుచుకుని ఉన్నాయి.

మా ఇంజనీరు స్టెల్లా గారు చూసి, "గడ్డి ఇలా మొలవదే!" అన్నారు.

"మడ మొక్కలండీ. మా బామ్మర్ది గట్టుకి గండి కొట్టాడు."

"మరి గట్టు వేసిందెవరండీ?"

"వాడేనండీ" అన్నాను.

ఆవిడ కంప్యూటర్లో ఆ గట్లని మళ్ళీ ఒకసారి చూశారు. తరవాత, "వెళ్ళి చూసి, చూసింది చూసినట్టు రాద్దాం" అన్నారు. ఏం రాస్తారో నాకు తెలియదు. శుక్రవారం వస్తున్నాం. మీ అక్క కూడా బయలుదేరుతోంది. తనకి నేనేమీ చెప్పలేదు. ఆ నాలుగు వరసలూ దాటించి పడవ లోపలికి పోనివ్వు, ఇద్దరికీ నువ్వే చెప్పు. నేను నీ పక్కనే కూర్చుంటాను.

తిరుపతిరావు